వినికిడి యంత్రాలను సరిగ్గా పోల్చి ఎంచుకోవడం ఎలా

వినికిడి యంత్రాలు అమర్చే క్లినిక్‌కు వెళ్ళినప్పుడు సాధారణంగా రెండు మూడు కంపెనీల యంత్రాలను ఒకదాని తరువాత ఒకటి చెవికి పెట్టి, ప్రతిసారీ "ఇప్పుడు ఎలా వినిపిస్తోంది?" అని అడుగుతారు. తలుపులు మూసిన ఆ ప్రశాంతమైన గదిలో, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి నింపాదిగా మాట్లాడుతున్నప్పుడు దాదాపు ప్రతి యంత్రమూ బాగానే వినిపిస్తుంది. వాటిలో కాస్త ఎక్కువ శబ్దం ఇచ్చేదే అన్నిటికంటే మేలైనదిగా తోస్తుంది. అలా ఎంచుకున్న యంత్రం, ఇంటికి వెళ్ళాక, ఫ్యాను తిరుగుతూ టీవీ మోగుతున్న హాలులో పక్కవారి మాటను కూడా సరిగ్గా అందించలేక, కొద్ది రోజులకే బీరువాలోకి చేరుతుంది. వేలు, లక్షలు పోసి కొన్న పరికరం వాడకుండా పడి ఉండడం కంటే బాధాకరమైన విషయం, అది పెట్టుకోవలసిన పెద్దవారు క్రమంగా మాటలు తగ్గించుకొని ఒక మూలన కూర్చుండిపోవడం. ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షల నిపుణుడు, పరీక్ష చేసి, మీ వినికిడి లోపానికి తగినట్లు సరిచేసి ఇచ్చే యంత్రాలను కొనేముందు న్యాయంగా ఎలా పోల్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. మీ కోసమైనా, ఇంట్లో పెద్దవారి కోసమైనా పద్ధతి ఒకటే.

ముందు చెవి సంగతి తేల్చుకోండి

యంత్రాల గురించి ఆలోచించకముందే ఈఎన్‌టీ వైద్యునికి చెవి చూపించండి. గులిమి గట్టిపడి చెవి రంధ్రం మూసుకుపోయినా వినికిడి తగ్గుతుంది. దాన్ని తీయించకుండా చేసిన పరీక్షకు విలువ ఉండదు. చెవిలోంచి చీము కారుతున్నా, తల తిరుగుతున్నా, ఒక చెవి రెండవదాని కంటే బాగా మందగించినా వైద్యం ముందు, యంత్రం తరువాత. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా వినికిడి పోతే అది అత్యవసర పరిస్థితి. అదే రోజు వైద్యుని వద్దకు వెళ్ళాలి, ఎందుకంటే చికిత్స ఆలస్యమైన కొద్దీ వినికిడి తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

తరువాత ఆడియాలజిస్టు వద్ద పూర్తి పరీక్ష చేయించుకొని, ఆడియోగ్రామ్ ప్రతిని అడిగి తీసుకోండి. మన దేశంలో ఆడియాలజిస్టులు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ వద్ద నమోదై ఉండాలి. రిజిస్ట్రేషన్ సంఖ్య అడగడంలో మొహమాటపడనవసరం లేదు. ఆడియోగ్రామ్‌లో అడ్డంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు స్వర స్థాయిలు (ఎడమవైపు బొంగురు శబ్దాల నుంచి కుడివైపు సన్నని కీచు శబ్దాల వరకు), నిలువుగా డెసిబెళ్ళలో శబ్ద తీవ్రత ఉంటాయి. గీత ఎంత కిందికి దిగితే లోపం అంత ఎక్కువ. వయసుతో వచ్చే లోపంలో గీత సాధారణంగా ఎడమవైపు కొంత పైన ఉండి, కుడివైపుకు వెళ్ళేకొద్దీ కిందికి జారుతుంది. "మాట వినిపిస్తోంది కానీ ఏమన్నారో తెలియడం లేదు" అని పెద్దవారు అనడానికి కారణం ఇదే: మాటకు బలాన్నిచ్చే అచ్చులు తక్కువ స్వర స్థాయిల్లో ఉంటాయి కనుక అందుతాయి, స, శ వంటి హల్లుల శక్తి అధిక స్వర స్థాయిల్లో ఉంటుంది కనుక జారిపోతాయి.

ఈ పరీక్షతో పాటు మాటల గుర్తింపు పరీక్ష కూడా తప్పనిసరిగా చేయించండి. తెలుగులో మాట్లాడే మనిషికి తెలుగు పదాల జాబితాతోనే చేయమని అడగండి. శబ్దాన్ని హాయిగా వినిపించేంత పెంచి వినిపించినప్పుడు కూడా నూటికి యాభై పదాలే గుర్తుపట్టగలిగితే, ఎంత ఖరీదైన యంత్రమైనా ఆ చెవిచేత తొంభై గుర్తుపట్టించలేదు. ఈ అంకె ముందే తెలిస్తే యంత్రం నుంచి ఎంత ఆశించాలో తెలుస్తుంది, అమ్మేవారి మాటలను బేరీజు వేయడమూ సులువవుతుంది.

ఎక్కడ వినిపించాలో రాసుకోండి

ఒక కాగితం మీద మీకు వినికిడి ఎక్కువ అవసరమైన నాలుగైదు సందర్భాలను ప్రాధాన్యక్రమంలో రాయండి. ఆస్ట్రేలియాలోని జాతీయ ధ్వనిశాస్త్ర ప్రయోగశాలలో రూపొందిన ఒక పద్ధతి ఇదే పనిని ఇంకాస్త క్రమబద్ధంగా చేయిస్తుంది, ఎందరో ఆడియాలజిస్టులు దాన్నే వాడతారు. "బాగా వినిపించాలి" అని రాస్తే ప్రయోజనం లేదు. "రాత్రి భోజనాల దగ్గర నలుగురం మాట్లాడుకుంటున్నప్పుడు మనవరాలి మాట తెలియాలి", "వాట్సాప్ వీడియో కాల్‌లో అమెరికాలో ఉన్న అబ్బాయి మాట తెలియాలి", "గుడిలో ప్రవచనం మైకులో వినిపిస్తున్నప్పుడు అర్థం కావాలి", "కొట్టు దగ్గర చెప్పిన ధర అరవయ్యో ఇరవయ్యో తెలియాలి" అన్నంత స్పష్టంగా ఉండాలి. ఆ కాగితమే మీ కొలబద్ద. రోజంతా ఇంట్లో ఒకరిద్దరితో మాత్రమే మాట్లాడే మనిషికి అవసరమయ్యే యంత్రం, తరగతి గదిలో పాఠం చెప్పే మనిషికి సరిపడే యంత్రం ఒకటి కానవసరం లేదు, వాటి ధరలూ ఒకటి కానవసరం లేదు.

ఆకారాన్ని చెవి, చేతివేళ్ళు నిర్ణయించాలి

చెవి వెనుక కూర్చొని గొట్టం ద్వారా శబ్దాన్ని పంపేది, చెవి వెనుక చిన్న భాగం ఉండి సన్నని తీగ చివర స్పీకరు చెవి లోపల ఉండేది, పూర్తిగా చెవి లోపల ఇమిడేది అని ప్రధానంగా మూడు రకాలు. కనబడకుండా ఉండాలన్న కోరికతో చాలామంది మూడవదాన్ని అడుగుతారు. అది కొందరికి చక్కగా సరిపోతుంది. అయితే అందులో బ్యాటరీ చిన్నది, గులిమి త్వరగా చేరుతుంది, చెవి రంధ్రం మూసుకుపోవడం వల్ల తన గొంతు తనకే డబ్బాలోంచి వస్తున్నట్లు అనిపించవచ్చు. తక్కువ స్వర స్థాయిల్లో వినికిడి బాగున్నవారికి, తీగ చివర రంధ్రాలున్న మెత్తని తొడుగు (డోమ్) ఉండే రెండవ రకం ఎక్కువ హాయినిస్తుంది. లోపం తీవ్రంగా ఉంటే చెవి కొలతతో చేయించిన అచ్చు (మోల్డ్), దానితో శక్తిమంతమైన మొదటి రకం కావాలి. లేకపోతే శబ్దం బయటికి కారి కీచుమని ఈల వేస్తుంది.

వాడబోయే మనిషి చేతివేళ్ళు ఎలా పనిచేస్తున్నాయో తప్పక చూడండి. వేళ్ళు వణుకుతున్నా, కీళ్ళ నొప్పులున్నా, చూపు మందగించినా, గోరంత బ్యాటరీని మార్చడం రోజువారీ శిక్షగా మారుతుంది. క్లినిక్‌లోనే ఆ మనిషి చేతికి యంత్రం ఇచ్చి, ఎవరి సాయం లేకుండా పెట్టుకోమని, తీయమని, బ్యాటరీ మార్చమని లేదా చార్జర్‌లో ఉంచమని చెప్పండి. కళ్ళజోడు, మాస్కు, హెల్మెట్ వాడేవారు వాటిని కూడా వెంట తీసుకెళ్ళి, పెట్టుకొని తీసి చూడాలి. మాస్కు తీసేటప్పుడు దారంతో పాటు యంత్రం ఊడి పడిపోవడం అరుదైన విషయం కాదు.

పోలికకు ముందు అన్నిటినీ ఒకే గీత మీదికి తేవాలి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. ప్రతి కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఆడియోగ్రామ్ ఎక్కించగానే యంత్రాన్ని తనంతట తాను సరిచేసే ఒక తొలి అమరిక ఉంటుంది. ఏ స్వర స్థాయిలో ఎంత శబ్దం పెంచాలన్న లెక్క ఒక్కో కంపెనీది ఒక్కో విధం. కొత్తవారికి ఇబ్బందిగా అనిపించకూడదని కొన్ని అమరికలు అధిక స్వర స్థాయిల్లో అవసరమైన దానికంటే తక్కువ శబ్దం ఇస్తాయి. అందువల్ల తొలి అమరికలతోనే రెండు యంత్రాలను పోల్చితే, మీరు నిజానికి పోలుస్తున్నది రెండు లెక్కలను. యంత్రాల నాణ్యత మీకు ఇంకా తెలియదు.

కాబట్టి పోల్చబోయే యంత్రాలన్నిటినీ ఒకే లక్ష్యానికి, అంటే ఏ స్వర స్థాయిలో ఎంత శబ్దం పెంచాలో ఒకే సూత్రం చెప్పినట్లుగా, సరిచేయమని అడగండి. పెద్దవారికి ప్రపంచమంతటా విరివిగా వాడే సూత్రం ఎన్ఏఎల్-ఎన్ఎల్2. పిల్లలకు ఎక్కువగా కెనడాలో రూపొందిన డీఎస్ఎల్ వాడతారు. మొదటిదానిలో భాష స్వరభేదం మీద అర్థం మారే రకమా కాదా అని ఒక ఎంపిక ఉంటుంది. చైనా భాషలు ఆ రకం, తెలుగు కాదు. ఆ ఎంపిక సరిగ్గా పెట్టారో లేదో అడిగి తెలుసుకోండి.

సూత్రం ప్రకారం కంప్యూటరు చూపించిన శబ్దమే చెవిలో పడుతోందని అనుకోవడానికి వీల్లేదు. ప్రతి మనిషి చెవి రంధ్రం పొడవు, వెడల్పు, వంపు వేరు. చిన్న రంధ్రంలో అదే శబ్దం ఎక్కువ తీవ్రతతో పడుతుంది. దీన్ని కొలవడానికి ఒక పద్ధతి ఉంది: సన్నని మెత్తని గొట్టాన్ని కర్ణభేరికి దగ్గరగా ఉంచి, పైన యంత్రాన్ని అమర్చి, మెల్లని మాట, మామూలు మాట, గట్టి మాట వినిపిస్తూ, కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత శబ్దం చేరుతోందో తెర మీద గీతగా చూస్తారు. దీనిని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. నొప్పి ఉండదు, ఎక్కువ సమయం కూడా పట్టదు. అన్ని క్లినిక్‌లలోనూ ఈ పరికరం ఉండదు కనుక, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోనులో "రియల్ ఇయర్ కొలత చేసి అమరుస్తారా?" అని అడగండి. నా మటుకు నేను, ఈ కొలత చేసే చిన్న క్లినిక్‌లో కొన్న మధ్యస్థాయి యంత్రాన్ని, కొలత లేకుండా అమర్చిన అత్యంత ఖరీదైన యంత్రం కంటే ఎక్కువ నమ్ముతాను.

ఇదే సందర్భంలో గరిష్ఠ శబ్ద పరిమితిని కూడా సరిచూడమనండి. స్టీలు పళ్ళెం గచ్చు మీద పడినప్పుడు, బస్సు హారను మోగినప్పుడు చెవికి నొప్పి కలిగేంత శబ్దం రాకూడదు. పోల్చే యంత్రాలన్నిటికీ ఒకే రకమైన డోమ్ లేదా అదే మోల్డ్ వాడాలి. ఒకదానికి మూసి ఉన్న డోమ్, మరొకదానికి తెరిచి ఉన్న డోమ్ పెట్టి పోల్చితే మొదటిది బరువైన శబ్దంగా, రెండవది పలుచని శబ్దంగా వినిపించడం సహజం.

క్లినిక్‌లో పావుగంట పరీక్ష

అమరిక పూర్తయ్యాక, ఇంటి నుంచి వెంట వచ్చినవారే మాట్లాడితే మంచిది. పరిచయమైన గొంతు, ఇంటి యాస పరీక్షకు ఎంతో అవసరం. వారు రెండు మీటర్ల దూరంలో నిలబడి, పెదవులు కనబడకుండా కాగితం అడ్డం పెట్టుకొని, మామూలు గొంతుతో ఒక్కొక్క పదం చెప్పాలి. వినేవారు విన్నది విన్నట్లు రాయాలి లేదా తిరిగి చెప్పాలి. మొదటి హల్లు మాత్రమే మారే పదాలను ఎంచుకోండి: పాలు, కాలు, చాలు, సాగు, తాగు, వాగు, సారు, చారు. తరువాత నాలుక మడత మాత్రమే మారేవి: కోట, కోత, పాట, పాత. ప్రతి యంత్రానికీ పదాల క్రమం మార్చండి, లేకపోతే జ్ఞాపకశక్తి సమాధానం చెబుతుంది. వాక్యాలలో క్రియల చివరలను ప్రత్యేకంగా గమనించండి. వస్తాను, వస్తాడు, వస్తారు అన్న మూడింటికీ తేడా చివరి అక్షరంలోనే ఉంది, వాక్యం చివరికి వచ్చేసరికి మాట్లాడేవారి గొంతు తగ్గుతుంది. ఎవరు వస్తారో, వచ్చేది ఉందో లేదో అక్కడే తెలియాలి కనుక, తెలుగు వినేవారికి యంత్రం మెల్లని శబ్దాలను ఎంత బాగా అందిస్తోందన్నది చాలా ముఖ్యం.

ఆ తరువాత మీరే గట్టిగా ఒక పేరా చదివి, మీ గొంతు మీకు ఎలా వినిపిస్తోందో చూడండి. కాగితం నలపండి, తాళంచెవులు కదపండి. చివరగా ఫోనులో ఏదైనా రద్దీ శబ్దాన్ని మీ వెనుక నుంచి మోగిస్తూ, ముందున్న మనిషి మాట్లాడితే ఎంత తెలుస్తోందో చూడండి. యూట్యూబ్‌లో యంత్రాల శబ్దాన్ని రికార్డు చేసి పోల్చి చూపే వీడియోలు ఉన్నాయి. అవి కొన్ని విషయాలు నేర్పుతాయి కానీ, ఆ రికార్డింగు మీ లోపమున్న చెవి గుండా, మీ ఫోను స్పీకరు గుండా వస్తోందని మరచిపోకండి.

ఇంట్లో పరీక్ష: అసలు తీర్పు ఇక్కడే

ఇంటికి తీసుకెళ్ళి వాడి చూసే అవకాశం ఇవ్వమని అడగండి. ధరావతు తీసుకొని ఒకటి రెండు వారాలకు ఇచ్చే క్లినిక్‌లు ఉన్నాయి. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ విషయంలో వెసులుబాటు ఎక్కువ; అక్కడ చాలా రాష్ట్రాలలో వాపసు చేసే గడువు చట్టప్రకారమే ఉంటుంది.

మొదటి రెండు మూడు రోజులలో ఏ నిర్ణయమూ చేయకండి. ఏళ్ళ తరబడి వినని ఫ్యాను చప్పుడు, చెప్పుల చప్పుడు, నీళ్ళ చప్పుడు ఒక్కసారిగా మీద పడతాయి. మెదడు వాటిని పక్కన పెట్టడం తిరిగి నేర్చుకోవాలి. రోజంతా పెట్టుకుంటేనే అది జరుగుతుంది. ఒక యంత్రాన్ని కనీసం వారం వాడిన తరువాతే రెండవదానికి మారండి. ఒకే రోజు అటూ ఇటూ మార్చితే చెవి దేనికీ అలవాటు పడదు. ప్రతి రాత్రి, ముందు రాసుకున్న సందర్భాల కాగితం తీసి, ఒక్కో సందర్భానికి పదికి ఎన్ని మార్కులో వేయండి. ఇంట్లో మరొకరు కూడా విడిగా మార్కులు వేయాలి, ఎందుకంటే వినేవారు గమనించని తేడాలను, "ఈ రోజు రెండోసారి చెప్పించుకోలేదు" అన్న తేడాను, పక్కవారే గమనిస్తారు.

సంగీతం వినేవారు, పాడేవారు దీనికి విడిగా సమయం కేటాయించాలి. మాట కోసం చేసిన అమరికలో తంబురా శ్రుతిని యంత్రం ఎడతెగని చప్పుడుగా భావించి తగ్గించవచ్చు. వేణువు దీర్ఘస్వరాన్ని ఈలగా భావించి అణచబోయి వణికించవచ్చు. ఈల నివారణను, చప్పుడు తగ్గింపును చాలావరకు ఆపివేసిన సంగీతం ప్రోగ్రామును ప్రత్యేకంగా పెట్టమని అడిగి, దానితోనే పోల్చండి. పెళ్ళిలో సన్నాయి, డోలు దగ్గరగా మోగుతున్నప్పుడు శబ్దం పగిలినట్లు వినిపిస్తోందా అన్నది కూడా చూడదగ్గ పరీక్ష.

కంపెనీలు, ధర స్థాయిలు

మార్కెట్లో కనిపించే పేర్లలో ఎక్కువ భాగం కొద్ది సంస్థలవే: స్విట్జర్లాండ్‌కు చెందిన సోనోవా వారి ఫోనాక్, డెన్మార్క్‌కు చెందిన డిమాంట్ వారి ఓటికాన్, జీఎన్ వారి రీసౌండ్, డబ్ల్యూఎస్ ఆడియాలజీ వారి సిగ్నియా, వైడెక్స్, అమెరికాకు చెందిన స్టార్కీ. వీటి మధ్య నిజమైన తేడాలు కొన్ని ఉన్నాయి. తెరిచి ఉన్న డోమ్‌తో వినేటప్పుడు సహజ శబ్దమూ, యంత్రం నుంచి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చే శబ్దమూ కలిసి లోహపు ఛాయ కలిగించవచ్చు. వైడెక్స్ 2020లో తెచ్చిన మొమెంట్ అనే యంత్రంలో ఆ ఆలస్యాన్ని అర మిల్లీసెకను లోపుకు తగ్గించే మార్గం ఉంది. తేలికపాటి లోపం ఉండి, శబ్దం సహజంగా లేదని బాధపడేవారు దీన్ని ఒకసారి విని చూడాలి. ఓటికాన్ 2021లో మోర్ అనే యంత్రంతోనూ, ఫోనాక్ 2024లో స్ఫియర్ ఇన్ఫినియోతోనూ మాటను చప్పుడు నుంచి వేరుచేయడానికి లోతైన నాడీజాలాలను (ఉదాహరణల నుంచి నేర్చుకునే కృత్రిమ మేధను) యంత్రంలోనే నడిపాయి. పెద్దవారి చేతిలో మామూలు బటన్ల ఫోను ఉంటే, సాధారణ బ్లూటూత్‌తో నేరుగా కలిసే ఫోనాక్ యంత్రాలు ఎక్కువ అనువుగా ఉంటాయి. చాలా ఇతర యంత్రాలు ఐఫోనుకో, కొన్ని రకాల ఆండ్రాయిడ్ ఫోనులకో మాత్రమే నేరుగా కలుస్తాయి.

ఒకే కంపెనీలో ఒకే ఆకారపు యంత్రం మూడు నాలుగు ధరల్లో ఉంటుంది. పై స్థాయిల్లో చానెళ్ళు (విడివిడిగా సరిచేయగల స్వర భాగాలు) ఎక్కువ, చప్పుడులో పనిచేసే ప్రత్యేకతలు ఎక్కువ. అయితే అమెరికాలోని మెంఫిస్ విశ్వవిద్యాలయంలో రాబిన్ కాక్స్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధనలో, తేలికపాటి నుంచి ఒక మోస్తరు లోపమున్న పెద్దవారు రెండు కంపెనీల ప్రాథమిక, అగ్రశ్రేణి యంత్రాలను ఒక్కొక్కటి నెల చొప్పున వాడి చూశారు. రెండు శ్రేణులూ మేలు చేశాయి, వాటి మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. యంత్రాలు అప్పటి నుంచి మారాయి కనుక దీన్నే తుది మాటగా తీసుకోనవసరం లేదు. నేను ఇచ్చే సలహా, కింది స్థాయి యంత్రంతో ఇంటి పరీక్ష మొదలుపెట్టి, మీ కాగితం మీది మొదటి రెండు సందర్భాలలో అది నిలబడకపోతేనే పైకి వెళ్ళమని. రెండు చెవులకూ లోపం ఉంటే, ఒక చెవికి అగ్రశ్రేణి యంత్రం కొనే డబ్బుతో రెండు చెవులకూ మధ్యస్థాయివి కొనడం దాదాపు ఎప్పుడూ మేలు. చప్పుడులో మాటను పట్టుకోవడానికి, శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవడానికి రెండు చెవులూ కావాలి.

రోజువారీ వాడకం

మార్చే బ్యాటరీల్లో రంగు గుర్తు: పసుపు 10, గోధుమ 312, నారింజ 13, నీలం 675. 312 సుమారు వారం, 13 అంతకంటే ఎక్కువ రోజులు వస్తాయి; ఫోను పాటలు, కాల్స్ యంత్రంలోకి పంపితే త్వరగా అయిపోతాయి. స్టిక్కరు తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టాలి. చార్జింగు యంత్రాలు వేళ్ళకు హాయి, కానీ కరెంటు తరచు పోయే ఊళ్ళలో సొంత బ్యాటరీ ఉన్న చార్జింగు డబ్బా తీసుకోవాలి. కొన్నేళ్ళకు లోపలి బ్యాటరీ బలహీనపడినప్పుడు మార్చడానికి ఎంతవుతుందో ముందే అడగాలి.

విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాల ఉక్కపోతలో యంత్రానికి పెద్ద శత్రువు చెమట. నీటిని, దుమ్మును తట్టుకుంటుందని తెలిపే ఐపీ68 గుర్తు ఉన్నదాన్ని ఎంచుకోండి, అయినా రాత్రిపూట తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో ఉంచండి. గులిమి యంత్రంలోకి పోకుండా ఆపే జాలీలు ఎంతకు దొరుకుతాయో, వాటిని మీరే మార్చగలరో లేదో క్లినిక్‌లోనే చేసి చూడండి. "యంత్రం పాడైంది" అనుకున్న సందర్భాలలో చాలాసార్లు మూసుకుపోయినది ఈ జాలీయే.

విదేశాల్లో ఉన్న పిల్లలు అక్కడ కొని తల్లిదండ్రులకు పంపేముందు ఆగి ఆలోచించాలి. వారంటీ చాలాసార్లు కొన్న దేశానికే పరిమితం. కొన్ని దుకాణాల యంత్రాలు ఇక్కడి ఆడియాలజిస్టు సాఫ్ట్‌వేర్‌కు తెరుచుకోవు. అమెరికాలో 2022 అక్టోబరు నుంచి పెద్దవారికి తేలికపాటి, ఒక మోస్తరు లోపాలకు పరీక్ష లేకుండానే కొనగలిగే యంత్రాలు వచ్చాయి. తీవ్రమైన లోపానికి అవి సరిపోవు. తల్లిదండ్రులు ఉండే ఊరికి దగ్గరలో సరిచేసే మనిషి ఉండడం ఏ సాంకేతికత కంటే కూడా ఎక్కువ ఉపయోగం.

డబ్బు సమస్య అయితే, దివ్యాంగులకు సహాయ పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద అర్హులకు వినికిడి యంత్రాలు అందుతాయి. వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. వైకల్య ధ్రువపత్రం, ఆదాయ పత్రాలతో అక్కడ విచారించవచ్చు.

చెల్లించే ముందు

చెప్పిన ధర ఒక చెవికా రెండింటికా, మోల్డు, చార్జరు అందులో ఉన్నాయా, ఎన్ని సంవత్సరాల వారంటీ, ఎన్నిసార్లు ఉచితంగా సరిచేస్తారు, మరమ్మతు రోజుల్లో బదులు యంత్రం ఇస్తారా అన్నవి బిల్లు మీద రాయించుకోండి. వినికిడి యంత్రానికి జీఎస్టీ లేదు. బిల్లులో వేస్తే కారణం అడగండి. యంత్రం సీరియల్ సంఖ్యలు, మీ రియల్ ఇయర్ కొలతల ప్రతి దగ్గర ఉంచుకోండి. రేపు ఊరు మారినా వేరే ఆడియాలజిస్టు అక్కడి నుంచే మొదలుపెట్టగలరు. కొన్న రెండు మూడు వారాల తరువాత ఒకసారి వెళ్ళి, మీ మార్కుల కాగితం చూపించి సరిచేయించుకోండి, ఏడాదికి ఒకసారి వినికిడి తిరిగి పరీక్షించి అమరికను కొత్త ఆడియోగ్రామ్‌కు మార్పించుకోండి.